ఖాళీ ఉయ్యాల ఊపిన రాణిని వెతుక్కుంటూ

ఈ ప్రయాణంలో నేను ఆడిన పెద్ద అబద్ధం ఒకటే. అది విజయనగరం చేరకముందే, రైల్లోనే ఆడేశాను. తర్వాత మూడు రోజులూ దాన్ని మోసుకుంటూ తిరిగాను. మాటవరసకి అనడం లేదు, సంచిలో పెట్టుకుని నిజంగానే మోశాను.

ముందు నేనెందుకు వెళ్లానో చెప్పాలి. గుంటూరులో డిగ్రీ పిల్లలకి తెలుగు చెప్పుకుంటూ, పాత విషాద నాటకాల్లోని తల్లుల మీద పరిశోధన చేస్తున్నాను. మనోవిశ్లేషణ అనే కళ్లద్దాలు పెట్టుకుని, ఆ తల్లుల మాటల వెనక మనసులో ఏం దాగుందో చదవడం నా పని. గ్రీకు రాణుల సంగతి పుస్తకాలు చూసి రాసేశాను. ఒక్క అధ్యాయం మాత్రం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పటికీ ఆడుతున్న ఒక పాత పద్యనాటకం గురించి. రాసిందెవరో తెలియదు, అచ్చూ కాలేదు. అక్కడివాళ్లు దాన్ని గట్టు నాటకం అంటారు. చెరువు గట్టు ఎన్నిసార్లు పోసినా తెగిపోతూ ఉంటుంది. పసిబిడ్డను బలిస్తే నిలుస్తుందని ఎవరో చెబితే, రాజు రాణికి చెప్పకుండా తమ కూతుర్ని తీసుకెళ్లి ఇచ్చేస్తాడు. రాణి స్నానం చేసి వచ్చేసరికి ఉయ్యాల ఖాళీగా ఉంటుంది. ఆమె ఏడవదు, అరవదు. ఖాళీ ఉయ్యాలను తొమ్మిదిసార్లు ఊపి, అప్పుడు పద్యం ఎత్తుతుంది.

ఎవరో ఫోనులో తీసిన వీడియోలో ఈ సీను చూసి నేను నలభై పేజీలు రాశాను. బిడ్డ పోయిందని రాణి మనసు ఒప్పుకోవడం లేదన్నాను. మొగుడి మీది కోపాన్ని లోపలికి తొక్కేసుకుందన్నాను. తొమ్మిది ఊపులకీ తొమ్మిది నెలలకీ లంకె పెట్టి, శభాష్ శైలజా అని నన్ను నేనే మెచ్చుకున్నాను. మా గైడు గారు దాని మార్జిన్‌లో ఎర్ర సిరాతో "ఆ నటిని అడిగారా?" అని రాసి తిప్పి పంపారు. మార్చి నెలాఖరుకి ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషనే పోతుంది. అందుకని 2017 ఫిబ్రవరిలో బయల్దేరాను.

ఇంకో సంగతి ఉంది, అది దాచి ఈ కథనం రాయలేను. రెండేళ్ల కిందట నాకు పాప పుట్టింది. పదకొండు రోజులు ఉంది. మా ఆయన నా ఏడో నెలలోనే ఒక పేరు చీటీ మీద రాసి చూపించి, "పైకి అనకు, బారసాల నాడు బియ్యంలో రాసి నేనే చెప్తాను" అన్నారు. బారసాల దాకా పాప ఉండలేదు. ఆసుపత్రి వాళ్లు కాలికి కట్టిన పట్టీ మీద 'బేబీ ఆఫ్ శైలజ' అని ఉంది, అంతే. నేను ఏడవలేదు. గట్టి గుండె అని బంధువులంతా మెచ్చుకున్నారు. ఆ పేరు మా ఇద్దరిలో ఎవరమూ ఇంతవరకూ పైకి అనలేదు. ఆ మరుసటి ఏడాదే నేను ఏడవని రాణి మీద నలభై పేజీలు రాశాను. రెండింటికీ ఏమైనా సంబంధం ఉందేమోనని నాకు తట్టనే లేదంటే, నా మనోవిశ్లేషణ ఏపాటిదో మీరే చూసుకోండి.

రైల్లో

ఎదురు సీట్లో వరలక్ష్మి గారని ఒకావిడ కూర్చున్నారు. విజయనగరంలో వాళ్లకి బట్టల కొట్టు ఉందట. నేను సంచి సర్దుకునే లోపే ఆవిడ నువ్వుండలు ఆకులో పెట్టి నా ఒళ్లో పెట్టేశారు. మా గుంటూరులోనూ కొత్తవాళ్లని ప్రశ్నలు అడుగుతారు గానీ ఊరు, ఉద్యోగం, జీతం దాటుకుని మెల్లగా సంసారంలోకి వస్తారు. ఈవిడ నేరుగా వచ్చేశారు.

"ఏటమ్మా, ఒక్కర్తివే ఎల్తన్నావు? పిల్లలెంతమంది?"

రెండేళ్లుగా ఈ ప్రశ్నకి నేను "లేరండి" అనే చెబుతూ వచ్చాను. అన్నప్పుడల్లా పాపని ఇంకోసారి పంపేసినట్టు ఉండేది. ఆ రోజు ఏమైందో, నోట్లో నువ్వుండ ఉండగానే "ఒక పాపండి" అనేశాను.

"ఎన్నేళ్లు?"

"రెండు నిండాయి."

"పేరేటి?"

"ఇంట్లో పాపా అనే పిలుస్తాం."

"మరి సూసుకోడానికి ఎవులున్నారు?"

"వాళ్ల నాన్నగారు."

"అదురుష్టవంతురాలివమ్మా," అని ఆవిడ ఇంకో ఉండ ఇచ్చారు. సిగ్గుతో చచ్చిపోవాల్సింది పోయి, నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. తుని దాటేదాకా నా కూతురి అల్లరి గురించి మాట్లాడుతూనే ఉన్నాను.

విజయనగరం

స్టేషనుకి అప్పారావు మాస్టారు వచ్చారు. డెబ్బై దాటాయి. నలభై ఏళ్లుగా గట్టు నాటకానికి హార్మోనియం వాయిస్తున్న మనిషి. ఫోనులో నా బాధంతా విని, "వచ్చీండి మేడమ్‌, మూడో రోజు నౌపడ దగ్గర సంబరంలో మన నాటకమే" అన్నారు. సంబరం అంటే అమ్మవారి పండగ.

గంట స్తంభం దగ్గర ఒక టిఫిను కొట్టులో కూర్చోబెట్టారు. ఇడ్లీ ఇరవై రూపాయలు, నాలుగు వేశారు. మా ఊళ్లో ఆ డబ్బుకి రెండొస్తాయి. చట్నీలో బెల్లం తగిలింది. మధ్యాహ్నం పులుసులోనూ బెల్లమే. నేను గుంటూరుదాన్ని, సంచిలోంచి కారప్పొడి సీసా తీశాను. మాస్టారు అర చెంచా కలుపుకుని, కళ్లలోంచీ ముక్కులోంచీ నీళ్లు కార్చుకుంటూ, "బాగుంది బాగుంది" అని మర్యాద చేశారు.

టీ తాగుతూ నా అధ్యాయం చదివి వినిపించమన్నారు. తొమ్మిది నెలల దగ్గరికి వచ్చేసరికి ఆయనకి నవ్వాగలేదు. గ్లాసులో టీ చొక్కా మీద ఒలికింది.

"తొమ్మిదని ఎవులు సెప్పినారు?"

"వీడియోలో లెక్కపెట్టాను మాస్టారూ."

"ఆ రోజు తొమ్మిదయినాది. మొన్న సాలూరు దగ్గర పద్నాలుగు. ఒకోసారి ఇరవై. రాణి ఏసే సూరమ్మ ఎంతసేపు ఊపితే అంతసేపు నాను శ్రుతి పట్టుకోనుంటాను."

"పద్యం ఎత్తకుండా అంతసేపు ఎందుకు ఆగుతుంది?"

"ఆ ముక్క ఆవిణ్నే అడగండి."

తొమ్మిది నెలల మీద రాసిన నా ఎనిమిది పేజీలు ఆ కొట్టులోనే పోయాయి. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. మాస్టారు మాత్రం ఇడ్లీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

సాయంత్రం వరలక్ష్మి గారికి దణ్నం పెట్టి వద్దామని, మాస్టారిని వెంటబెట్టుకుని ఆవిడ కొట్టు వెతుక్కుంటూ వెళ్లాను. ఆవిడ కూర్చోబెట్టి, పసుపురంగు చిన్న పట్టు లంగా తీసి నా చేతిలో పెట్టారు. చీటీ మీద పన్నెండు వందలు అని ఉంది. వద్దంటే వద్దన్నాను.

"నీకు ఇవ్వట్లేదు, నీ గుంటకి ఇస్తన్నాను. కాదనడానికి నువ్వెవులు?"

ఆడపిల్లని అక్కడ గుంట అంటారు. మా వైపు ఎవరైనా అలా అంటే దెబ్బలాటే. అక్కడ ఎంత ముద్దుగా అంటారో వినాలి. పక్కనున్న మాస్టారు, "మేడమ్‌, పాప ఉందని సెప్పనేదే!" అని మురిసిపోయారు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. నేను లంగా మడత పెట్టి సంచిలో పెట్టుకున్నాను.

శ్రీకాకుళం

బస్సులో మాస్టారి పక్కన భోగాపురం రైతు ఒకాయన కూర్చున్నాడు. విమానాశ్రయానికి వాళ్ల సరుగుడు తోట పోతుందట. బెంగ ఉన్నా నవ్వుతూనే మాట్లాడుతున్నాడు. "విమానాలు ఎప్పుడు దిగుతాయి?" అని అడిగాను. మాస్టారు అప్పటికే నా కూతురి సంగతి బస్సంతా చెప్పేశారు కాబట్టి ఆయన, "నీ గుంట పెళ్లికి ఇమానంలో వద్దువు గానీలే తల్లీ" అన్నాడు. చుట్టూ అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత కిటికీ వైపు తిరిగి చాలాసేపు కూర్చున్నాను.

నాగావళి వంతెన దిగాక ఒకామె తోపుడు బండి మీద చోడి అంబలి అమ్ముతోంది. చోడి అంటే రాగులు. గ్లాసు పది రూపాయలు, నంజుకోడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఊరికే ఇస్తుంది. ఎండలో నడిచి వచ్చి ఆ చల్లటి అంబలి తాగితే ప్రాణం లేచొచ్చింది. మూడు గ్లాసులు తాగాను. నా ఆబ చూసి ఆమె ముచ్చటపడింది. మాస్టారు ఊరుకుంటారా, "ఈవిడకి రెండేళ్ల గుంట ఉన్నాదే" అన్నారు. ఆమె బండి కిందనుంచి కిలో చోడి పిండి పొట్లం తీసింది.

"జావ కాసి పట్టు. కాళ్లు గట్టిపడి బేగి పరిగెడతాది."

డబ్బులిస్తే పుచ్చుకోలేదు. రోజంతా అమ్మితే ఆమెకి ఏం మిగులుతుందో నాకు తెలుసు. "మళ్లీ వచ్చినప్పుడు గుంటని తీసుకురా, అదే డబ్బులు" అంది. పొట్లం బరువు కిలోనే, కానీ ఆ రాత్రి లాడ్జిలో సంచి ఎత్తి బల్ల మీద పెట్టడానికి చేతులు రాలేదు.

నౌపడ ఉప్పు

నౌపడలో ప్యాసింజరు దిగితే, దూరంగా తెల్లటి కుప్పలు వరసగా కనిపించాయి. ఉప్పు మడులు. దగ్గరికి వెళ్లి చూడాలని నాకు చాపల్యం. గట్టు మీద నడవమని మాస్టారు చెబుతూనే ఉన్నారు. నేను ఫొటో కోసం ఒక అడుగు పక్కకి వేశాను. కాలు పిక్క దాకా బురదలోకి దిగిపోయింది. కాలు వచ్చింది గానీ చెప్పు రాలేదు.

ఉప్పు లాగుతున్న ఒక పెద్దావిడ వచ్చి, మోచేయి దాకా చేయి పెట్టి చెప్పు పైకి లాగింది. దాన్ని నీళ్లలో జాడించి, నా కాళ్ల దగ్గర పెట్టి, "ఓలమ్మా, సదువుకున్నోలు కిందకి సూడరేటి?" అని నవ్వింది. ఆవిడ కాళ్లు ఉప్పుకి పగిలిపోయి ఉన్నాయి. వెళ్తామని లేచేసరికి పాత గుడ్డలో రెండు గుప్పిళ్ల ఉప్పు మూట కట్టి ఇచ్చింది. ఎందుకంటారా? మాస్టారు ఉన్నారుగా!

"నీ గుంటకి దిష్టి తియ్యి. కొట్టు ఉప్పు కాదిది, మడి ఉప్పు. ఎవుల కళ్లూ తగలవు."

నేను ఆవిడ చేతులు పట్టుకుని, "అమ్మా, నాకు..." అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూస్తూ నిలబడింది. "నాకు చాలా సంతోషంగా ఉందమ్మా" అన్నాను. అదీ అబద్ధం కాదు.

సూరమ్మ

నౌపడ నుంచి ఆటోలో ముప్పావుగంట. ఆ ఊరి పేరు రాయడం లేదు, ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది. బడి వరండాలో సూరమ్మ మొహానికి రంగు వేసుకుంటోంది. యాభై ఎనిమిదేళ్లు. నల్లగా, సన్నగా, చెయ్యెత్తు మనిషి. పొద్దున్నే మినుము చేలో పని చేసి వచ్చిందట, గోళ్లలో మట్టి ఉంది. ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల రాణి అంటే ఆమే.

"ఏటి, నా మీద పుస్తకం రాసినావంట. నాకు పిచ్చని రాసినావేటి?"

"మీ మీద కాదు సూరమ్మ గారూ, రాణి మీద." ఇలా మొదలెట్టి, మనసులో మనకే తెలియని ఒక అర ఉంటుందని, ఓర్చుకోలేనివన్నీ మనిషి అందులో తోసేసి తలుపేసుకుంటుందని, క్లాసులో చెప్పినట్టు చెప్పాను. సూరమ్మ బుగ్గకి రంగు పూయడం ఆపి శ్రద్ధగా విన్నది.

"ఆవిడికే తెలీకుండా ఉంటే నీకెలగ తెలిసినాది?"

మాస్టారు దగ్గుతున్నట్టు నటించారు. నేను రూటు మార్చి అసలు ప్రశ్న వేశాను. "బిడ్డ కనపడకపోతే రాణి ఎందుకు ఏడవదు?"

"నానేడిస్తే ఏటవుతాది? జనం నన్ను సూస్తారు. ఎంత బాగా ఏడిసిందో అనుకుంటారు. నాను ఊరుకున్నాననుకో, ఆలకి ఆల బిడ్డలు గుర్తొస్తారు. పోయినోలు, తప్పిపోయినోలు, కడుపులోనే ఆగిపోయినోలు. ఒకొక్కరే కొంగు మొహానికి పెట్టుకుంటారు. ముందు ముసిలోలు, ఆ ఎనక మిగిలినోలు. అందరిదీ అయ్యేదాకా నాను ఉయ్యాల ఊపుతుంటాను. అప్పుడు పద్యం ఎత్తుతాను."

"అందరూ ఏడుస్తారా?"

"ఒకోసారి ఎవులో ఒకలు మిగిలిపోతారు. ఆలకోసం ఇంకో రెండు ఊపులు."

నేను నాలుగేళ్లు చదివిన పుస్తకాల్లో ప్రతి రాణి మనసునీ విప్పి చూశారు. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ల కోసం ఆ రాణి ఆగి ఉంటుందని ఎవరూ రాయలేదు. నేనూ రాయలేదు.

"నీకెంతమంది?" అంది సూరమ్మ. నేను నోరు తెరిచేలోగానే మాస్టారు, "రెండేళ్ల గుంట, మా అల్లరిదంట" అన్నారు.

"ఫొటో సూపించు."

"ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది," అన్నాను. ఆ మాట పూర్తి కాలేదు, సంచిలో ఫోను గట్టిగా మోగింది. మా ఆయన. నేను కట్ చేశాను. సూరమ్మ అద్దంలోంచి నా వైపు ఒకసారి చూసి, బొట్టు పెట్టుకుంది.

ఉయ్యాల సీను

ఈ నాటకాలు ఒకప్పుడు తెల్లవార్లూ ఆడేవారట. ఇప్పుడు పది దాటితే మైకు కట్టేయాలి కాబట్టి ఐదింటికే తెర ఎత్తారు. ఇంకా ఎండ ఉంది. జనం తాటాకు చాపలూ బరకాలూ తెచ్చుకుని కూర్చున్నారు. ఒకామె కాల్చిన తేగల కట్ట నా ఒళ్లో పడేసి వెళ్లిపోయింది, ఎవరో ఏమిటో ఇప్పటికీ తెలియదు.

మా వైపు నాటకం చూస్తూ చప్పట్లు కొట్టి ఊరుకుంటాం. ఇక్కడ రాజు బిడ్డను ఎత్తుకుని గట్టు వైపు నడుస్తూ పద్యం పాడితే "వన్స్‌ మోర్‌!" అని అరిచారు. పాపం ఆ రాజు వెనక్కి వచ్చి బిడ్డను మళ్లీ ఎత్తుకుని మళ్లీ ఏడ్చాడు. నడుమ మైకు ఆయన వచ్చి చదివింపులు చదువుతున్నాడు. అంటే, ఎవరు నాటకానికి ఏం ఇచ్చారో వాళ్ల పేరుతో సహా చదవడం. డబ్బే ఇవ్వాలని లేదు. "ఫలానా వారి తరఫున గుమ్మడికాయలు రెండు! ఫలానా వారి తరఫున కోడిపుంజు ఒకటి!" రాజు కత్తి పట్టుకుని గుమ్మడికాయలు అయ్యేదాకా నిలబడ్డాడు. ఈ వన్స్‌ మోర్‌ గురించి కూడా నా అధ్యాయంలో వెటకారంగా ఒక పేరా ఉంది, జనానికి బాధలో రుచి దొరుకుతుందని.

పొద్దు వాలుతుండగా సూరమ్మ వచ్చింది. తడి జుట్టు తుడుచుకుంటూ, నవ్వుతూ ఉయ్యాలలోకి వంగింది. అంతే, అక్కడే ఆగిపోయింది. ఒక చేత్తో తాడు పట్టుకుని ఊపడం మొదలుపెట్టింది. మాస్టారి హార్మోనియం ఒకే స్వరం పట్టుకుని ఉంది. తేగలు నమలడం ఆగింది. నా పక్కనున్న ముసలామె కొంగు తీసుకుంది. నేను అలవాటుగా లెక్కపెడుతున్నాను. తొమ్మిది. వెనక ఎవరో వెక్కుతున్నారు. పద్నాలుగు. ఇరవై. ఆడవాళ్లందరి మొహాలూ కొంగుల్లో ఉన్నాయి, ఇంక పద్యం ఎత్తాలి. ఎత్తలేదు. ఇరవై ఐదు. మాస్టారు తలెత్తి సూరమ్మ వైపు చూశారు. సూరమ్మ నా వైపు చూస్తోంది.

అప్పుడు అర్థమైంది, మిగిలిపోయింది నేనే.

మా ఇంట్లోనూ ఉయ్యాల ఉండేది. పాప వెళ్లాక నెల రోజులు విప్పలేదు. ఒకసారి మా ఆయన ఇంట్లో లేనప్పుడు ఖాళీ ఉయ్యాల ఊపాను, మా అత్తగారు చూసి పరుగెత్తుకొచ్చి పట్టుకుని ఆపేశారు. ఖాళీ ఉయ్యాల ఊపకూడదంటారు కదా. ఇక్కడ ఈవిడ నూరు మంది ఎదుట నా కోసం ఊపుతోంది. ముప్పై ఒకటి దాకా లెక్క ఉంది. ఆ తర్వాత నా గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది, నాదేనని నమ్మలేకపోయాను. పక్కనున్న ముసలామె ఎవరు ఏమని అడక్కుండా నా తల పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది. రెండేళ్ల ఏడుపు ఆ పరాయి ఒళ్లో ఏడ్చాను. పైనుంచి సూరమ్మ పద్యం వినిపించింది.

తిరిగొచ్చాక ఆ నలభై పేజీల్లో ముప్పై ఐదు చింపేశాను. రాణి మనసు గురించి కాక ఎదురుగా కూర్చున్న వాళ్ల గురించి కొత్తగా రాశాను. గైడు గారు ఈసారి ఎర్ర సిరా తీయలేదు. ఆ రుణం సూరమ్మది, పేరు కూడా తెలియని ఆ ముసలామెది.

పిల్లల తల్లి

ఆ రాత్రి నాటకం అయిపోయింది. కానీ రంగస్థలం మీద ఖాళీ ఉయ్యాల ఊపారు కాబట్టి, దాన్ని అలాగే విప్పేయకూడదట. ఊళ్లో ఒక పసిబిడ్డను అందులో పడుకోబెట్టి ఊపి, లాలి పాడాకే విప్పుతారు. లేకపోతే రాణి వేసిన మనిషికీ మంచిది కాదు, ఊరికీ మంచిది కాదు. బిడ్డను ఉయ్యాలలో వేసేది మాత్రం పిల్లల తల్లి అయి ఉండాలి. ఆ పని ఎవరికైనా ఇచ్చారంటే వాళ్లకి పెద్ద గౌరవం చేసినట్టు.

తెర వెనక గౌరి అనే అమ్మాయి మూడు నెలల పాపతో నిలబడి ఉంది. ఇరవై రెండేళ్లుంటాయి. పక్కన వాళ్ల అత్తగారు. మాస్టారు నన్ను ముందుకి తోసి, "దూరంనుంచి వచ్చిన మేడమ్‌, పిల్లల తల్లి, ఈవిడే ఎయ్యాలి" అన్నారు. అందరూ సరేనన్నారు. గౌరి పాపని నా వైపు చాపింది.

నా చేతులు వెనక్కి వెళ్లిపోయాయి.

"సిగ్గేటి మేడమ్‌?" అన్నారు మాస్టారు.

"సిగ్గు కాదు. నేను వేయకూడదు. నాకు పాప లేదు మాస్టారూ. ఉండేది. పదకొండు రోజులు ఉంది. రైల్లో ఎవరో అడిగితే ఉందని చెప్పాను, అప్పటినుంచి చెబుతూనే ఉన్నాను. నన్ను క్షమించండి."

మాస్టారు తల దించుకున్నారు. గౌరి అత్తగారు పాపని కొంచెం వెనక్కి లాక్కుంది. ఆవిడ తప్పేం లేదు, ఆ స్థానంలో ఉంటే నేనైనా అదే చేసేదాన్నేమో.

"ఫోను మోగినప్పుడే నాకు తెలిసినాది," అంది సూరమ్మ. "ఇప్పుడు అడగాల్సింది నన్ను కాదు. పిల్ల తల్లి ఉన్నాది."

అందరూ గౌరి వైపు చూశారు. గౌరి నన్ను ఎగాదిగా చూసింది.

"పాలిచ్చినావా అప్పా?" అక్కని అక్కడ అప్ప అంటారు.

"ఇచ్చాను. పదకొండు రోజులూ ఇచ్చాను."

"ఒలే గౌరీ," అంది అత్తగారు గొంతు తగ్గించి.

"ఏటత్తా? నీకు పుట్టి పోయినోలు ఇద్దరు కాదేటి? రోజూ దీనికి నీలు పోస్తన్నది నువ్వు కాదేటి? దీనికేటయినాది, బొద్దుగున్నాది." అని పాపని తెచ్చి నా చేతుల్లో పెట్టేసింది. "మెడ కింద సెయ్యెట్టు. ఎనక్కి ఇరుసుకుంటాది, గట్టిది."

పట్టుకోవడం మరిచిపోయానని భయపడ్డాను. చేతులు మరిచిపోలేదు. పాల వాసన, వెచ్చటి తల. నేను పాపని ఉయ్యాలలో వేసేటప్పుడు గౌరి అత్తగారే వచ్చి రెండో వైపు తాడు పట్టుకుంది, ఉయ్యాల కదలకుండా. ఆవిడ కళ్లు నిండి ఉన్నాయి. తర్వాత ముగ్గురం కలిసి ఊపాం. సూరమ్మ లాలి పాడింది, పాప ఆవులించింది.

మైకు

సంచి తెచ్చి పట్టు లంగా, చోడి పిండి, ఉప్పు మూట తీసి గౌరి పాప పక్కన పెట్టాను. ఎవరెవరు ఎందుకిచ్చారో చెప్పాను. "దిష్టి ఇప్పుడే తీసీండి," అని అత్తగారు మడి ఉప్పుతో అక్కడికక్కడే పాపకి దిష్టి తీసింది. ఊరి పేరు ఎక్కడా రాయొద్దని, దూరపు కళ్లు కూడా తగులుతాయని నాతో ఒట్టు పెట్టించుకున్నదీ ఆవిడే.

"ఇచ్చినాక సదివించాలి కాదేటి?" అన్నారు మాస్టారు. మైకు ఆయన కాగితం, పెన్ను పట్టుకుని వచ్చాడు.

"ఎవుల పేరున రాయమంటారు?"

"మా పాప పేరున."

"పేరు సెప్పండి."

ఆ పేరు నాకు తెలుసు. కానీ అది చెప్పాల్సింది నేను కాదు. ఫోను తీసి మా ఆయనకి కలిపాను. "ఇందాక కట్ చేశావే, ఎక్కడున్నావు?" అన్నారు. చుట్టూ ఇంతమంది ఉండగానే చెప్పాను, పాప పేరు ఇక్కడ మైకులో చదువుతారట, బారసాల నాడు మీరు చెప్తానన్నారుగా, ఇప్పుడు చెప్పండి అని. నేను స్పీకరు పెట్టి ఫోను మైకు ఆయన ముందు పట్టుకుని నిలబడ్డాను.

"నందిని," అన్నారు మా ఆయన.

మైకు ఆయన రాసుకుని మెట్లెక్కాడు. నాలుగు దిక్కులా కట్టిన పెద్ద మైకుల్లోంచి ఆయన గొంతు పొలాల మీదికి వెళ్లింది. పిల్లల పేరు ముందు అలవాటుగా ఏం చేరుస్తారో అదీ చేర్చాడు.

"గుంటూరు వాస్తవ్యులు చిరంజీవి నందిని తరఫున, పట్టు లంగా ఒకటి, చోడి పిండి కిలో, నౌపడ ఉప్పు ఒక మూట!"

జనం చప్పట్లు కొట్టారు. ఫోను ఇంకా నా చేతిలో ఎత్తే ఉంది. చప్పట్లు ఆగాక చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆయన ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"శైలూ, ఇంకోసారి చదవమనవా?" అన్నారు.

ఏమని అడగాలో ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నాను. కన్నీళ్లు తుడుచుకోకుండానే, గొంతు చించుకుని "వన్స్‌ మోర్‌!" అని అరిచాను. ఎందుకో తెలియకపోయినా బరకాల మీద ఉన్న ఆడవాళ్లందరూ అందుకున్నారు. మైకు ఆయన వెనక్కి వచ్చి, గొంతు సవరించుకుని, మళ్లీ మొదటినుంచి చదివాడు.